పదో రీడు

శనివారం తెల్లవారేసరికి ఇబ్రహీంపట్నం మీద మబ్బు కమ్మింది కానీ దిగలేదు. తూర్పున ఒకచోట ఎర్రగా చీలింది. చూస్తుండగానే మళ్ళీ మూసుకుపోయింది. ఆషాఢం సగం గడిచినా చినుకు లేదు. గాలి ఎక్కడో ఆగి, రానా వద్దా అన్నట్టుంది. అటువంటి పొద్దున గొడ్లు కుడితి ముట్టవు. మనుషులు ఒకచోట కూర్చోరు.

రుక్మాబాయి ఆరు నలభైకి ఇశ్రాయేలు ఇంటికి చేరింది. ముప్పై ఏళ్ళు పోలీసు కొలువు చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయి, ఇప్పుడు తుర్కయాంజాల్‌లో ఒక మొబైల్ షాపు పైగదిలో సొంతంగా పరిశోధనలు చేసుకుంటున్న మనిషి ఆమె. రాత్రి ఫోన్ చేసి రమ్మన్నది ఇశ్రాయేలు భార్య మరియ.

"ఏం ముట్టలె చెల్లె. నువ్వు చెప్పినట్టే ఎక్కడియి అక్కడ్నే ఉన్నయి" అన్నది మరియ గేటు దగ్గరే. రాత్రంతా దవాఖానలో ఉండి వచ్చిన కళ్ళు.

"ఎట్లున్నడు?"

"అట్లనే. మిషను ఊపిరి పీలుస్తున్నది, ఆయన పండుకున్నడు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పానం పోతే దేవుని చిత్తం అనుకుంట. గని పురుగుల మందు తాగిండని రాస్తమంటున్నరు చెల్లె. నలభై ఏండ్లు చర్చిల పాట ఎత్తుకున్న మనిషి. రేపు లేచినా మల్ల ఆ గడప తొక్కుతడా?"

"నేను రాయనియ్య" అన్నది రుక్మాబాయి. అంతకంటే ఎక్కువ చెప్పే అలవాటు ఆమెకు లేదు.

ఇశ్రాయేలు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు అతని ఊపిరితో నడిచాయి. కొడుకు జయపాల్ అదే వాయిద్యంతో ఇంకా దూరం పోయాడు. రేపు ఆదివారం సాయంత్రం ఆరింటికి, నగరంలో, అరవై మంది ఆర్కెస్ట్రా ముందు ఒంటరిగా నిలబడి వాయించబోతున్నాడు. క్లారినెట్‌కూ ఆర్కెస్ట్రాకూ కలిపి కొత్తగా రాసిన కచేరీ అది, మూడు భాగాలు. అటువంటి కచేరీని కన్సర్టో అంటారు. రాసినది బడంగ్‌పేట్ అమ్మాయి పూజిత. మొట్టమొదటిసారి వినిపించేది రేపే.

నిన్న శుక్రవారం పొద్దున ఇశ్రాయేలు వరండాలో కూర్చుని వాయిస్తూ వాయిస్తూ ఒరిగిపోయాడు.

"టైం చెప్పు."

"ఏడు దాటి అయిదు నిమిషాలకు చాయ్ ఇచ్చిన. రేడియోల వార్తలొస్తున్నయి. తాగి, ఏడుంబావుకు మొదలువెట్టిండు. ఏడు నలభైకి పాట ఆగింది. ఆగుడు గాదు, తెగింది. వచ్చి చూస్తే కింద పడున్నడు, నోట్లకెళ్ళి నురుగు."

వరండాలో ప్లాస్టిక్ కుర్చీ పక్కకు పడి ఉంది. గోడవారగా మడత తువ్వాల మీద క్లారినెట్. దాని పక్కన స్టీలు గ్లాసు. రుక్మాబాయి గొంతుక్కూర్చుని చాలాసేపు అలాగే ఉండిపోయింది.

గ్లాసు అడుగున మిగిలిన చాయ్ చుట్టూ చీమలు బారుగా తిరుగుతున్నాయి. జానెడు దూరంలో క్లారినెట్ మూతి దగ్గర కూడా చీమలున్నాయి. అవి తిరగడం లేదు. లెక్కపెడితే నలభై పైన. మూతికి కట్టిన సన్నటి రెల్లు బద్ద మీద మూడు అంటుకుని ఎండిపోయాయి. ఆ బద్దనే రీడు అంటారు. ఊదితే అదురుతూ స్వరం పలికేది అదే. వాయించేవాడి కింది పెదవి ఎప్పుడూ దాని మీదే ఉంటుంది.

రాత్రి ఫోన్ రాగానే దవాఖానకు పోయినా ఆమె అయిదు నిమిషాలే ముసలాయనను చూడగలిగింది. కింది పెదవి పొక్కి వాచి ఉంది. పై పెదవి మామూలుగా ఉంది. అప్పుడు దానికి అర్థం తోచలేదు.

"గ్లాసుతోటి తాగిన మనిషికి రెండు పెదవులూ కాలాలె" అన్నది ఆమె తనలో తాను. రీడును చేతిగుడ్డతో పట్టి విప్పి, వెనకకు తిప్పింది. బద్ద మొదలు దగ్గర పెన్సిలుతో గీసిన మూడు నిలువు గీతలు.

అప్పుడే గేటు చప్పుడైంది. తెల్ల కారు. ఏడున్నర.

దేవేందర్ దిగాడు. ఒకప్పుడు ఆమెకు పైన ఎస్సై. ఆమె పట్టిన దొంగల పక్కన నిలబడి ఫొటోలు దిగిన మనిషి. కొలువు వదిలి నగరంలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టాడు. కచేరీ ఏర్పాటు చేసినవాళ్ళు, ఈ గొడవ రేపటిలోగా సర్దమని అతన్ని పెట్టుకున్నారు.

"రుక్మాబాయి మేడం! ఇంట్ల మనుమలతోటి ఆడుకోక ఈ చీమలతోటేం పని?"

"మనుమలకు ఇస్కూలుంది సారూ. మీకు లేనట్టుంది."

అతను నవ్వి, చేతిలోని పాలిథిన్ కవరు ఎత్తి చూపించాడు. లోపల పురుగుల మందు సీసా. "నిన్న పగటీలి దొరికింది. బాత్‌రూం గోడ గూట్ల. సగం సీసాల ఉన్నది, సగం ముసలాయన కడుపుల ఉన్నది. అయిపాయె."

"అది రెండేండ్ల కిందిది, వంకాయ చెట్లకు కొట్టినం" అన్నది మరియ.

రుక్మాబాయి కవరు పైనుంచే సీసాను తిప్పింది. తిప్పి, అతని ముఖం ముందు పెట్టింది. "మూత చూడున్రి."

మూతకూ సీసా మెడకూ కలిపి కందిరీగ మట్టిగూడు కట్టింది. ఎండి తెల్లబడి, గట్టిగా ఉంది. ఎక్కడా పగులు లేదు.

"మూత తిప్పితే గూడు పలుగాలె గద సారూ. తాగినంక కందిరీగను పిలిచి మల్ల కట్టిచ్చిండా ముసలాయన?"

దేవేందర్ సీసా వెనక్కి తీసుకున్నాడు. "అయితే ఇంకో సీసా."

"ఏది?"

"దొరుకుతది."

"దీని మీద దొరికింది" అని ఆమె గుడ్డలోని రీడు చూపించింది. "చాయ్‌లున్న చక్కెరకు చీమలొచ్చినయి. గ్లాసుల నాకినయి బతికినయి. దీన్ని నాకినయి సచ్చినయి."

"చీమలు చచ్చినయని కేసు రాసుడా? జడ్జి నవ్వుతడు."

"నవ్వనియ్యున్రి. పరీక్షకు పంపినంక నవ్వుమనున్రి."

జయపాల్ బండి దిగి లోపలికి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. దవాఖాన నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. దేవేందర్ అతని చేతిలో ఒక కాగితం పెట్టాడు.

"చదివి సంతకం పెట్టు జయపాల్. మనస్తాపంతోటి ఆయనే తాగిండు, ఎవరి మీద అనుమానం లేదు. గంతే. రెండు గంటలకు రిహార్సల్‌ల నువ్వే నిలబడతవ్. లేకుంటే సోలో, ఆర్కెస్ట్రాల ఇంకో క్లారినెట్ వాయించే సుశాంత్‌కు పోతది."

జయపాల్ కాగితం పట్టుకుని ఉన్నాడు కానీ చూపు దాని మీద లేదు. రుక్మాబాయి చేతిలోని రీడు మీద ఉంది.

"అది నేనిచ్చిన రీడే గద చిన్నమ్మా" అన్నాడు.

రుక్మాబాయి రీడును అతని వైపు తిప్పింది.

"ఎప్పుడిచ్చినవ్?"

"నిన్న పొద్దుగాల ఏడింటికి. నా డబ్బాలుండె. బాపు మాలిమి చేసుడు కాలేదని మల్ల ఆయనకే ఇచ్చిన." రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు. "నా చేతులతోటే ఇచ్చిన చిన్నమ్మా."

"విన్నవా మేడం?" దేవేందర్ కాగితం లాక్కుని నాలుగు మడతలు పెట్టాడు. "ఇగ ఇది అక్కర్లే. నోటితోటే ఒప్పుకున్నడు. మూడు గంటలకు స్టేషన్‌ల దరఖాస్తు ఇస్త. తండ్రికి విషమిచ్చిన కొడుకు. రేపు స్టేజి కాదు, లాకప్పు."

"అయ్యో, ఏం మాటలివి!" మరియ గోడ పట్టుకుంది.

"మూడింటికి గద" అన్నది రుక్మాబాయి. "ఇప్పుడు ఎనిమిది. మస్తు టైమున్నది. మీరు చాయ్ తాగిపోండ్రి."

అతను చాయ్ తాగలేదు.

కారు పోయాక ఆమె జయపాల్‌ను మెట్టు మీద కూర్చోబెట్టింది. "మాలిమి చేసుడంటే ఏంది? నాకు తెల్వదు. చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పు."

అతను చెప్పాడు. కొత్త రీడు మొండిగా ఉంటుంది. కొద్దికొద్దిగా వాయించి లొంగదీయాలి. ఆర్కెస్ట్రాల్లో ఎవరి రీడు వాళ్ళే చేసుకుంటారు, ఒకరి రీడు ఇంకొకరు నోట పెట్టరు. ఈ ఇంట్లో అలా కాదు. ఎప్పుడు కొత్త రీడు వచ్చినా ముందు పెద్దవాడి నోట్లోకి పోవాలి. ఇశ్రాయేలుకు అతని చిన్నాయన చేశాడు, ఇశ్రాయేలు కొడుక్కి చేస్తున్నాడు. నాలుగు పొద్దులు. రోజుకు ఒక నిలువు గీత. నాలుగో రోజు వాయించాక మూడు గీతల మీదుగా ఒక అడ్డగీత. అడ్డగీత పడితేనే కొడుకు చేతికి.

"సోమవారం నాలుగు రీడ్లు మొదలువెట్టిండు, రేపటి ప్రోగ్రాం కోసం. గురువారం సాయంత్రం అడ్డగీతలు పెట్టి నాకిచ్చిండు. నిన్న పొద్దుగాల డబ్బాల పాతయి తీసేద్దమని చూస్తే అయిదోది ఉన్నది. మూడు గీతలే, అడ్డగీత లేదు. బాపుకు యాది తప్పి ముందే ఇచ్చిండనుకున్న. ఆయనకు చూపిస్తే ఆయన కూడ అట్లనే అనుకున్నడు. 'ముసలోన్నైన బిడ్డా' అని నవ్విండు. చాయ్ తాగి నోట్ల పెట్టుకున్నడు."

"అంటే ఆ రీడు నీ కోసం పెట్టిన్రు."

జయపాల్ తల ఎత్తాడు. ఆ మాట అతనికి అప్పటిదాకా తట్టలేదు.

"అక్కా, కొత్త రీడ్ల డబ్బా ఏది?" అని రుక్మాబాయి మరియను అడిగింది.

మరియ లోపలినుంచి అట్టపెట్టె తెచ్చింది. పది రీడ్ల పెట్టె. ఆదివారం విప్పారు. రుక్మాబాయి ఒక్కొక్కటీ తువ్వాల మీద పరిచింది. గీతలు లేనివి నాలుగు. జయపాల్ డబ్బాలో అడ్డగీత పడినవి నాలుగు. మొత్తం ఎనిమిది. తన గుడ్డలో ఉన్నది తొమ్మిదోది.

"పదోది?"

మరియ అట్టపెట్టెను బోర్లించి దులిపింది.

"పెట్టెలకెళ్ళి రెండు పోయినయి. ఒకటి బాపు నోట్లకు పోయింది. ఇంకొకటి ఎవరి నోట్లకు పోవాలె?" ఆమె లేచి నిలబడింది. గీతలు లేని నాలుగూ సంచిలో వేసుకుంది. "ఈ వారం ఇంటికెవరొచ్చిన్రు?"

"పూజిత. సోమ, మంగళ, బుధవారాలు పొద్దుగాల. బాపు వాయిస్తుంటే ఫోన్ల రికార్డు చేసుకున్నది. గురువారం రాలే. గురువారం సాయంత్రం సుశాంత్ వచ్చిండు."

"నీ డబ్బా ఎవరికన్న దొరికిందా?"

"గురువారం నాలుగు నుంచి అయిదున్నర దాక రిహార్సల్ హాల్ల మా అందరికి చాయ్ టైం. డబ్బా స్టాండు మీద్నే ఉండె."

"ఎవరితోటన్న లొల్లి?"

"లొల్లి గాదు. బుధవారం పూజితకు ఒక మాట చెప్పిన. రెండో భాగం మొదట్ల క్లారినెట్ ఒక్కటే వాయిస్తది. ఆ వరుస బాపుది. శవం ఇల్లు దాటేటప్పుడు బాపు వాయించే వరుస. రేపు వాయించే ముందల, ఇది మా బాపు కట్టిన పాట అని జనానికి చెప్త అన్న. అద్దన్నది. చెప్త అన్న."

"రేపటిదాక ఏ రీడూ నోట్ల పెట్టకు. ఏదీ" అని రుక్మాబాయి చెప్పులేసుకుంది.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు కనుక సాగర్ రోడ్డు మీది ఒక ఫంక్షన్ హాలు ఆర్కెస్ట్రాకు దొరికింది. పరీక్షకు పంపాల్సింది పంపి ఆమె అక్కడికి వెళ్ళేసరికి పదకొండు ఇరవై. వధూవరులు కూర్చునే వేదిక మీద వయొలిన్ల వాళ్ళున్నారు. రెండో భాగం నడుస్తోంది. సోలో మనిషి లేడు. ఆర్కెస్ట్రాను నడిపించేవాడు చేయి ఎత్తి ఊరికే తాళం లెక్క పెట్టాడు, ఎనిమిది, తొమ్మిది, పది. క్లారినెట్ వాయించాల్సిన చోట అంతా ఖాళీ. ఆ ఖాళీ అయ్యాక తీగలన్నీ ఒక్కసారి కింది స్వరంలో అందుకున్నాయి. రుక్మాబాయికి ఆ సంగీతం తెలియదు. కానీ గుమ్మం దాటిపోతున్న పాడె వెనక ఆడవాళ్ళు ఎత్తుకునే ఏడుపు తెలుసు. తలుపు దగ్గర నిలబడిపోయింది.

గుమ్మం బల్ల మీద రేపటి కార్యక్రమం అచ్చు కాగితాలున్నాయి. ఒకటి తీసి చదివింది. 'ఇందులో ప్రతి స్వరమూ స్వరకర్త సొంత సృష్టి.' మడిచి సంచిలో పెట్టుకుంది.

సుశాంత్‌ను పెళ్ళికూతురు గదిలో కూర్చోబెట్టి తలుపు వేసింది. ఇరవై తొమ్మిదేళ్ళు, కుదురులేని వేళ్ళు.

"నీకు జయపాల్ మీద కోపమా?"

"ఉంది. పన్నెండేండ్లు పరీక్షలు రాసి నేర్చుకున్న నేను. ఆయన బరాత్‌లల్ల నేర్చుకున్నడు. సోలో ఆయనకిచ్చిన్రు. కోపం లేదంటే నమ్ముతరా?"

"నమ్మ. గురువారం ఎందుకు పోయినవ్?"

"మూడో భాగంల మేమిద్దరం కలిసి వాయించేది కొంచెముంది, సరిచూసుకుందమని. ఆరున్నరకు పోయిన, ఏడున్నరకు వచ్చిన. మీరనుకునేదే గద? ఆయన పడిపోతే నాకే లాభం. అవ్, లాభమే. రెండింటికి సోలో నాదే." అతను లేవబోయాడు. "రాసుకోండి."

"కూసో తమ్మీ. అక్కడికెళ్ళి ఏమన్న తెచ్చుకున్నవా?"

"ఏం తెస్త? ఒక రీడు. జయపాలే ఇచ్చిండు, మా బాపు చేసిన రీడు చూడు ఒకసారి అని డబ్బా ముందల పెట్టిండు. ఒకటి తీస్కున్న."

రుక్మాబాయి సంచిలోంచి చేతిగుడ్డ తీసింది. "ఏది చూసి తీస్కున్నవ్? గీతలు చూసినవా?"

"గీతలెవరు చూస్తరు మేడం? వెలుతురుకు పట్టి నార చూస్తం. అన్నిట్ల మంచిది తీస్కున్న."

"నోట్ల పెట్టినవా?"

"ఇంక లేదు. ఇవ్వాళ సోలోకే దాచిన. తిన్నంక తడుపుదమని."

"ఇయ్యి."

చొక్కా జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. ఆమె గుడ్డతో రీడు అందుకుని వెనకకు తిప్పింది. మూడు నిలువు గీతలు. అడ్డగీత లేదు. సన్నటి గీతలు, ఒకే లావు, అరిగిపోయిన పెన్సిలు గీసినవి కావు. ఇశ్రాయేలు వడ్రంగి పెన్సిలు వాడతాడు. అడ్డగీత పడిన ఆ నాలుగింటి మీద గీతలు గడ్డిపోచంత వెడల్పు.

పదోది దొరికింది.

విషయం విన్నాక సుశాంత్ వేళ్ళు ఆగిపోయాయి. "నీళ్ళున్నయా?" అన్నాడు. తాగాడు. "నేను చెయ్యలే" అన్నాడు.

"ఎరుకే. చేసినోడు తన జేబుల పెట్టుకోడు." ఆమె సంచిలోంచి గీతలు లేని రీడు ఒకటి తీసి, బల్ల మీది సన్న పెన్సిలుతో మూడు గీతలు గీసి అతని డబ్బాలో పెట్టింది. "ఇది కొత్తది, ఏం లేదు దీనికి. నువ్వు ఒక్క పని చెయ్యి. మనమంత కూసోని తింటుంటే, తినుడయినంక దీన్ని తీసి నోట్ల పెట్టుకో. ఒక్క మాట మాట్లాడకు."

"అంతేనా?"

"అంతే."

పూజిత భోజనాల గదిలో ఒక మూల స్కోరు, అంటే తాను స్వరాలు రాసిన కాగితాలు, పరుచుకుని కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళ అమ్మాయి, చెవి వెనక సన్న పెన్సిలు. ఆ పెన్సిళ్ళు హాలులో ప్రతి స్టాండు మీదా ఉన్నాయి, ఆమె పంచినవే. గీతలు ఎవరైనా గీయవచ్చు. రుక్మాబాయి ఎదురుగా కూర్చుంది.

"పెద్దాయన ఎట్లున్నరు?"

"బతుకుతడో లేదో. నువ్వు పోయి చూసినవా?"

"లేదు... ఇక్కడ పని..."

రుక్మాబాయి అచ్చు కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "ప్రతి స్వరం నీదేనా బిడ్డా?"

పూజిత ముఖం ఎర్రబడింది. "జయపాల్ చెప్పిండా? ఆయన నాయన వాయించింది నాలుగు వరుసలు. నేను రాసింది రెండు వందల పేజీలు. మూడేండ్లు పట్టింది. రేపు మైకు పట్టుకొని అది మా బాపుది అంటే, ఇగ ఎవరన్న నా రెండు వందల పేజీలు వింటరా? ఆ నాలుగు వరుసలే వింటరు."

"ఆ నాలుగు వరుసలు తీసేస్తే?"

పూజిత స్కోరులో ఒక పేజీ తిప్పింది. వేదిక మీద నడిపించేవాడు మళ్ళీ ఖాళీ లెక్కపెడుతున్నాడు. ఎనిమిది, తొమ్మిది.

"జర ఒకటి చూసి చెప్పు. నాకు తెల్వదు." రుక్మాబాయి రెండు రీడ్లు పక్కపక్కన పెట్టింది. ఒకటి పొద్దున జయపాల్ దగ్గర తీసుకున్నది, అడ్డగీత పడినది. ఇంకొకటి సంచిలో మిగిలిన కొత్తవాటిలోది, దాని మీదా తానే మూడు గీతలు గీసింది. "రెండిట్ల ఏది వాయించెటందుకు తయారైంది?"

"ఇది" అన్నది పూజిత, మూడు గీతల దాన్ని వేలితో తాకకుండా చూపిస్తూ. "మూడు రోజులు చేసిండు కదా."

"మరి గిది?"

"అది పనికిరాదని కొట్టేసిండు."

ఆమె ముందు పరిచిన స్కోరులో వద్దనుకున్న చోటల్లా అలాగే అడ్డంగా ఒక గీత కొట్టేసి ఉంది.

రుక్మాబాయి రీడ్లు తీసి సంచిలో వేసుకుంది. ఆ ఇంట్లో వాళ్ళెవరూ ఆ మాట అనరు. గురువారం వచ్చిన సుశాంత్ అసలు గీతలు చూడడు. మూడు పొద్దులు వచ్చి, మూడు గీతలు చూసి, నాలుగో పొద్దు రాని మనిషి ఒక్కరే. చేతిలో ఉన్నది అంతే, ఒక మాట. దేవేందర్ దాన్ని చీమల పక్కన పెట్టి నవ్వుతాడు. టైము పన్నెండు నలభై.

ఒంటిగంట పదికి వడ్డన మొదలైంది. ఆర్కెస్ట్రా వాళ్ళు ముందే తిని బయట చెట్ల కిందికి పోయారు. పొడుగు బల్ల దగ్గర ఆరుగురు మిగిలారు. రుక్మాబాయి రమ్మన్నదని జయపాల్ తల్లిని దవాఖాన నుంచి బండి మీద తెచ్చాడు. దేవేందర్ మూడింటిదాకా ఎక్కడా పని లేక వచ్చి కూర్చున్నాడు, జయపాల్ మీద రాసిన దరఖాస్తు మడిచి ప్లేటు పక్కన పెట్టుకుని. సుశాంత్ ఒక చివర. అతని పక్కన పూజిత. ఎదురుగా రుక్మాబాయి.

మరియ కూర్చోలేదు. ఊరకే ఉంటే చేతులాడతలేవని వంటమనిషి దగ్గర గంటె తీసుకుంది. అన్నం, పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. ఫోను బల్ల మధ్యలో, మూత పెట్టిన గిన్నె మీద పెట్టింది, దవాఖాన నుంచి మోగితే వినబడాలని.

"ఏమన్న చెప్పిన్రా?" అని రుక్మాబాయి అడిగింది.

"కుడిచేతి వేళ్ళు కదిలిస్తున్నడంట. పాట వాయిస్తున్నట్టు కదిలిస్తున్నడని నర్సు చెప్పింది." మరియ పూజిత ప్లేటులో పప్పు వేసింది. "తిను బిడ్డా. నువ్వు గూడ నిన్నటి సంది ఏం తిన్నట్టు లేవు."

అదే ఆ బల్ల దగ్గర ఆఖరి మాట.

తిన్నారు. స్టీలు ప్లేట్ల చప్పుడు, బయట గాలి కొంచెం లేచి ఎండుటాకులను రేకు కప్పు మీద దొర్లిస్తున్న చప్పుడు. జయపాల్ కలిపాడు కానీ ముద్ద ఎత్తడానికి చాలాసేపు పట్టింది. దేవేందర్ వాచీ చూసుకున్నాడు. పూజిత మెతుకులు వేళ్ళతో అటూ ఇటూ జరుపుతోంది.

సుశాంత్ ముందుగా ముగించాడు. ఎడమ చేత్తో జేబులోంచి డబ్బా తీశాడు. మూత తెరిచాడు. పూజిత చేయి ప్లేటులో ఆగింది. అతను రీడు తీసి వెలుతురుకు పట్టాడు. వెనక మూడు గీతలు ఆమె వైపు తిరిగాయి. అతను దాన్ని పెదవుల దగ్గరికి తెచ్చాడు. ఇంకా దగ్గరికి.

పూజిత చేయి అన్నంతోనే లేచింది. రీడు ఎగిరి పప్పు గిన్నె పక్కన పడింది. సుశాంత్ చెంప మీద మెతుకులు.

ఆమె చేయి గాలిలోనే ఉంది, ఎవరిదో అన్నట్టు దాన్ని చూసుకుంటోంది. జయపాల్ రీడును చూశాడు, గీతలు చూశాడు, ఆమెను చూశాడు. లేవబోతే రుక్మాబాయి ఎడమ చేయి అతని భుజం మీద పడింది. గట్టిగా పడింది. దేవేందర్ ప్లేటు పక్కని కాగితం తీసి, విప్పకుండానే నిలువుగా చించి, జేబులో పెట్టుకున్నాడు.

మరియ గంటెతో అక్కడే నిలబడి ఉంది. నలభై ఏళ్ళు మేళగాడి ఇంట్లో రీడ్లు ఎత్తిపెట్టిన మనిషి. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. చాలాసేపు ఆ అమ్మాయి మెతుకుల చేతినే చూసింది. తర్వాత గిన్నెలో గంటె ముంచి, చెదిరిపోయిన అన్నం చోట ఇంకొంచెం అన్నం పెట్టింది. గంటె కింద పెట్టి, ఒక ప్లేటు తెచ్చుకుని, ఆమె ఎదురుగా కూర్చుంది. కూర్చుని, కళ్ళు మూసి, పెదవులు కదిలించి, తెరిచి, తినడం మొదలుపెట్టింది.

కొంతసేపటికి పూజిత చేయి కిందికి దిగింది. ముద్ద చేసుకుంది. తింటోంది. కన్నీళ్ళు ప్లేటులో పడుతున్నాయి, వాటితోనే కలుపుకుంటోంది. ఫోను మోగలేదు. బల్ల దగ్గర ఆరుగురూ తిన్నారు. ప్లేట్లు ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవలేదు.